వెనక రేకు లేని రంపం

ఆత్రేయ అద్దంకిలో కొనుక్కున్న ఇంటికి కారు షెడ్డు ఉంది గానీ, అతనికి కారు లేదు. ఇల్లు అమ్మినాయన పొగాకు వ్యాపారి. అంబాసిడర్ కోసం కట్టించుకున్న షెడ్డు అది. హైస్కూల్లో సైన్సు చెప్పే ఆత్రేయ తన స్కూటర్‌ని వరండాలోనే పెట్టుకుని, షెడ్డులో చెక్కపని మొదలుపెట్టాడు. మొదట పుస్తకాల బీరువా చేశాడు. తర్వాత భార్య రాగసుధకి వంటింట్లో అలమర చేశాడు. చేతి రంపంతో ఎంత జాగ్రత్తగా కోసినా పలక అంచు ఎక్కడో ఒకచోట వంకర పోయేది. రెండు పలకలు జోడించి దీపానికి ఎదురుగా పట్టుకుంటే మధ్యలోంచి వెలుతురు కనిపించేది. ఆ సన్నటి గీత చూస్తే అతనికి అన్నం సహించేది కాదు.

2003 వేసవి సెలవుల్లో టేబుల్ రంపం కొనాలని నిశ్చయించుకున్నాడు. అడితీల్లో కనిపించే, చెక్కబల్ల కింద బెల్టు వేలాడుతూ ఉండే రకం కాదు. మోటారంతా ఇనప పెట్టెలో దాగి ఉండాలి. పైన పోత ఇనుము బల్ల, దాని మధ్య చీలికలోంచి లేచే గుండ్రటి రంపం. ఇంగ్లీషు పత్రికల్లో వాటి బొమ్మలు చూసీ చూసీ, చివరికి ఒకరోజు అబ్దుల్ ఖాదర్‌ని వెంటబెట్టుకుని గుంటూరు బస్సెక్కాడు. ఖాదర్‌ది అద్దంకిలో కర్రల అడితి, పక్కనే మంచాలూ తలుపులూ చేసే షాపు. ఇద్దరికీ స్నేహం కుదిరింది చెక్క దగ్గరే.

మిషన్ల షాపులో కొత్త రంపం చూశారు. పైన పారదర్శకంగా మూత ఉంది. రంపం వెనకాల, దాన్ని ఆనుకున్నట్టుగా, సన్నటి ఉక్కు రేకు నిలబెట్టి ఉంది.

"ఇదెందుకు?" అన్నాడు ఖాదర్.

"కోసిన చీలిక మళ్లీ మూసుకుని రంపాన్ని బిగించకుండా, అందులో దూరి ఉంటుంది. బిగిస్తే పలకని మన మీదికి విసిరేస్తుంది" అన్నాడు ఆత్రేయ. దాని గురించి అతను ఒక వ్యాసం రెండుసార్లు చదివాడు.

అంతా బాగానే ఉంది గానీ, ఆ రంపం తేలిగ్గా ఉంది. బల్ల మీద చెయ్యి పెట్టి నొక్కితే కదిలింది. పలక ఆనించే పట్టీ వేలితో తోస్తే పక్కకి జరిగింది. ఆత్రేయ ముఖం చూసి ఖాదర్ నవ్వాడు. "మాస్టారూ, మీకిది ఆనదు. ఇంకోటి చూపిస్తా రండి."

మిర్చి యార్డు వెనక సందులో మూతబడిన ఫర్నిచర్ షాపు అది. ఘాటుకి ఇద్దరూ దగ్గుతూనే లోపలికెళ్లారు. షాపు యజమాని నాగూర్ వలి గోనెపట్టా లాగాడు. కింద, నల్లటి పోత ఇనుముతో, గున్న ఏనుగులాంటి రంపం. తుప్పు అక్కడక్కడా ఉంది. బల్ల మాత్రం అద్దంలా ఉంది. వలి తన టీ గ్లాసు దాని మీద పెట్టి మోటారు వేశాడు. టీ తొణకలేదు. ఒక టేకు ముక్క కోసి ఇచ్చాడు. ఆత్రేయ ఆ అంచు మీద బొటనవేలు పెట్టి మెల్లగా రాశాడు. మళ్లీ రాశాడు.

"వెనక రేకేదండీ?" అన్నాడు కాసేపటికి.

"పనికి అడ్డమొస్తోందని మా నాయన ఉన్నప్పుడే పీకేశాడు సార్. పైమూత కూడా అంతే. ఎక్కడ పడేశాడో."

"మా అడితిలో మిషనుకీ లేదు. అసలెవరికుంది చెప్పండి?" అన్నాడు ఖాదర్.

ఆత్రేయ చెయ్యి ఇంకా ఆ ఇనుము మీదే ఉంది. "సర్లే, రేకు నేను లేతు షాపులో చేయించుకుంటాను" అన్నాడు.

రంపం షెడ్డులోకి వచ్చింది. మోటారు మార్పించి ఇంటి కరెంటుకి సరిపడేది పెట్టించాడు. రేకు కోసం లేతు షాపుకి వెళ్తే ఆరోజు షాపు కట్టేసి ఉంది. తర్వాత బడులు తెరిచారు. ఈలోగా రోజూ కోస్తూనే ఉన్నాడు. ఏమీ కాలేదు. పలకలు జోడిస్తే వెలుతురు గీత లేదు. రాగసుధ ఒకటి రెండుసార్లు అడిగింది, "ఆ రేకేదో పెట్టించారా?" అని. "పెట్టిస్తాలే. నేను పక్కకే నిలబడి కోస్తున్నా కదా" అన్నాడు. కొన్నాళ్లకి ఆమె అడగడం మానేసింది, అతను మర్చిపోయాడు.

అతని తండ్రి అనంతపద్మనాభం దగ్గర్లోని ఊళ్లో చెన్నకేశవస్వామి ఆలయ అర్చకుడు. తాత ముత్తాతల నుంచి వస్తున్న కైంకర్యం. ఆత్రేయ చదువుకుంటానన్నప్పుడు ఆయన అడ్డుచెప్పలేదు. కార్తీకం వెళ్లాక ఒక ఆదివారం, పొద్దుటి పూజ ముగించుకుని, ఆటోలో ఒక వేప పలక వేయించుకుని కొడుకింటికి వచ్చాడు. ఉత్సవమూర్తులని ఉంచే పీట చెదలు తినేసింది. గాలివానకి గుడి ఆవరణలో పడిన వేపమానుని కోయించి ఉంచారు. ఆ చెక్కతోనే కొత్త పీట చెయ్యమని అడగడానికి వచ్చాడాయన. కొడుకు చేతిపని స్వామి దగ్గర ఉంటుందని ఆయనకి సంతోషంగా ఉంది. ఆ సంగతి పైకి అనలేదు గానీ, షెడ్డంతా తిరిగి చూస్తుంటే తెలుస్తూనే ఉంది.

ఆత్రేయ పలకని గోటితో గిల్లి చూశాడు. "ఇంకా పచ్చిగానే ఉంది నాన్నా. ఎండాకాలం దాకా ఆగితే మంచిది."

"ముక్కోటికి కావాలిరా."

ఆత్రేయ మోటారు వేశాడు. పలక పొడవుగా ఉండటంతో సగం కోసేసరికి అవతలి చివర వాలిపోతోంది. అనంతపద్మనాభం ఉత్తరీయం నడుముకి చుట్టుకుని అవతలికి వెళ్లాడు. "నేను పట్టుకుంటా."

"లాగొద్దు నాన్నా, ఊరికే కింద చెయ్యి ఆనించు" అన్నాడు ఆత్రేయ. వద్దని మాత్రం అనలేదు.

పచ్చి వేప లోపలి బిగువుకి కోసిన చీలిక మూసుకుంటూ వచ్చింది. మోటారు మూలిగింది. ముందుకి కదలడంలేదని ఆయన సాయంగా పలక చివర గట్టిగా పట్టుకుని లాగాడు. మరుక్షణం పలక పైకి లేచి ఆత్రేయ కడుపులో తగిలి అతన్ని గోడకి కొట్టింది. వెనక్కి దూసుకొస్తూ అది, దాన్ని పట్టుకున్న తండ్రి చేతిని తనతోపాటు రంపం మీదికి తెచ్చింది.

అనంతపద్మనాభం అరవలేదు. తన చేతిని చూసుకుని, "మోటారు ఆపరా" అన్నాడు. కుడిచేతి చూపుడువేలూ నడిమివేలూ లేవు. బొటనవేలు సగం ఉంది.

రాగసుధ తువ్వాలు చుట్టింది. ఖాదర్ తన వ్యాన్‌లో ఒంగోలు తీసుకెళ్లాడు. వేళ్లు అతికే స్థితిలో లేవని డాక్టర్లు చెప్పేశారు. ఆత్రేయ తల్లి కనకలక్ష్మి ఆసుపత్రి మంచం పక్కన కూర్చుని, ఆ కట్టుని చూస్తూ ఒకే మాట అంది. "ఇంక గర్భగుడిలోకి ఎట్లా వెళ్తారు?"

అప్పటిదాకా ఆ సంగతి ఆత్రేయకి తట్టలేదు.

గుడి ఉన్న ఊరి పెద్ద పిచ్చయ్య పదిమంది రైతులతో ఆసుపత్రికి వచ్చాడు. "పంతులుగారూ, గాయం మానాక మీరే రండి. మా ఊళ్లో ఎవుడేమంటాడో నేను చూస్తా" అన్నాడు గట్టిగా.

"ఎవరూ అనరు పిచ్చయ్యా. నేనే అనుకుంటున్నా. అంగలోపం ఉన్నవాడు మూలవిరాట్టుని తాకకూడదని మా నాన్న నాకు చెప్పాడు. మా నాన్నకి వాళ్ల నాన్న చెప్పాడు. నా దాకా వచ్చేసరికి మార్చమంటావా?"

పిచ్చయ్య తలగుడ్డ తీసి చేతుల్లో నలుపుతూ కూర్చున్నాడు.

వాళ్లు వెళ్లాక ఆత్రేయ మంచం దగ్గర నేలమీద కూర్చున్నాడు. "నేను చేస్తాను నాన్నా. ఉద్యోగం మానేస్తాను. చిన్నప్పుడు చెప్పిన మంత్రాలు సగం గుర్తున్నాయి, మిగతావి నువ్వు చెప్పు."

ఆయన తల అడ్డంగా తిప్పాడు. "వద్దు."

"ఎందుకని?"

"స్వామి దగ్గరికి ఇష్టంతో పోవాలి. నువ్వు శిక్ష అనుభవించడానికి పోతానంటున్నావు. ఆయనేమన్నా జైలు పెట్టుకుని కూర్చున్నాడా?"

పొదిలి వైపు నుంచి ఒక యువ అర్చకుణ్ణి కుదిర్చారు. ముక్కోటి అతని చేతుల మీదే జరిగింది.

ఆత్రేయ లేతు షాపుకి వెళ్లాడు. రంపం మందం కొలిచి ఇచ్చాడు. సాయంత్రానికల్లా రేకు చేతిలో పెట్టారు. అంత చిన్న పని. దాన్ని పట్టుకుని షాపు ముందు నిలబడ్డాడు, స్కూటర్ ఎక్కడ పెట్టాడో గుర్తు రాలేదు. ఇంటికొచ్చి రేకు బిగించాడు. మరునాడు ఖాదర్‌ని పిలిచి రంపం తీసుకెళ్లమన్నాడు.

"రేకు మాత్రం తీయకండి ఖాదర్ గారూ. అదొక్కటే నేనడిగేది."

"అల్లా సాక్షిగా తీయను మాస్టారూ" అన్నాడు ఖాదర్. అతని కళ్లలో నీళ్లున్నాయి. ఆ మాట అబద్ధం కాదు.

వేసవిలో ఒకసారి ఆత్రేయ అడితి వైపు వెళ్లాడు. రంపం నడుస్తోంది. రేకు గోడకి మేకు మీద వేలాడుతోంది. పనివాళ్లు సన్న గాడులు కొయ్యాలంటే అడ్డమొస్తోందన్నారు. ఖాదర్ పరుగెత్తుకొచ్చాడు. "ఇప్పుడే తీశారు మాస్టారూ, మళ్లీ పెట్టిస్తా. నా మాట వినరండీ వీళ్లు." ఆత్రేయ మోటారు ఆపి, రేకు తీసి తనే బిగించి వచ్చేశాడు. మళ్లీ ఆ దారిన వెళ్లలేదు.

వేసవి దాటాక ఒక ఏకాదశికి తండ్రిని గుడికి తీసుకెళ్లాడు. గాయం మానాక ఆయన పూజవేళ గుడికి రావడం అదే మొదలు. అందరితోపాటు వరసలో నిలబడ్డాడు. జనం పక్కకి జరిగి దారిచ్చినా ముందుకెళ్లలేదు. కొత్త అర్చకుడు తీర్థం తెచ్చాడు. అనంతపద్మనాభం అలవాటుగా కుడిచెయ్యి చాచాడు. అరచెయ్యి గుంట కావడానికి ఆ రెండు వేళ్లు లేవు. పోసిన నీళ్లు పోసినట్టే కారి ధోవతి మీద పడ్డాయి. ఆ యువకుడు బెదిరిపోయి మళ్లీ పొయ్యబోయాడు. "చాలు నాయనా" అని ఆయన తడిచెయ్యి తలకి రాసుకుని వెనక్కి తిరిగాడు.

ఆ తర్వాత పూజవేళ ఆయన గుడికి వెళ్లలేదు. మధ్యాహ్నం తలుపులు మూశాక వెళ్లి, ధ్వజస్తంభం దగ్గర నీడలో కూర్చునేవాడు. ఆదివారాలు ఆత్రేయ వచ్చి పక్కన కూర్చునేవాడు. ఒక ఆదివారం ఆత్రేయ ఉండబట్టలేక అడిగేశాడు.

"నా మీద కోపం లేదా నాన్నా?"

బయట రోడ్డు మీద మిరపకాయల బస్తాల ట్రాక్టరు వెళ్లింది. ఆయన కొడుకు వైపు తిరిగాడు.

"ఉంది" అన్నాడు. "రేకు లేదని నీకు తెలుసటగా. రాగసుధ చెప్పింది."

ఆత్రేయ తల వంచుకున్నాడు.

"రోజూ పొద్దున లేవగానే ఉంటుంది. మీ అమ్మ అన్నం కలిపి నా నోట్లో పెడుతుంటే ఇంకా ఉంటుంది. పోతుందేమోనని చూస్తున్నా, పోవట్లేదు." గుడ్డతో చెమట తుడుచుకున్నాడు. "వచ్చేవారం కూడా రా. ఒక్కణ్ణే కూర్చుంటే మరీ ఎక్కువవుతోంది."