లోపతి అడగాలనుకున్నది

పొద్దున్నే వానలో లోపతి గేటు దగ్గర కనిపించాడు. తలమీద అరిటాకు అడ్డం పెట్టుకుని, చంకలో ఒక మూట ఇరికించుకుని, లోపలికి రావాలా వద్దా అన్నట్టు నిలబడ్డాడు. అతన్ని ముందుగా చూసింది ఉరియం. పళ్లు తోముకుంటున్నవాడు నోట్లో నురగతోనే హాల్లోకి పరిగెత్తాడు.

"బౌరో, లే. మీ తమ్ముడొచ్చాడు."

సువా నగరంలోని ఆ బడి హాలే కిరిబాస్ దీవుల ఫుట్‌బాల్ జట్టుకు విడిది. అందరూ నేలమీద చాపలు పరుచుకుని పడుకున్నారు. బౌరో దుప్పటి తీసి చూశాడు.

"ఏ తమ్ముడు?"

"నుయి దీవి తమ్ముడు. తువాలు దేశం జట్టోడు. చంకలో మూట కూడా ఉంది."

మూట అనగానే పడుకున్నవాళ్లంతా లేచి కూర్చున్నారు.

పొద్దున్నే మూటతో వచ్చిన చుట్టం ఊరికే రాడు, ఏదో అడగడానికి వస్తాడు. వాళ్ల దీవుల్లో దాన్ని బుబుసి అంటారు. రక్తసంబంధం ఉన్నవాడు ఎదురుగా నిలబడి ఫలానాది కావాలని నోరు తెరిచి అడిగితే ఇచ్చి తీరాలి. పడవైనా సరే, పందైనా సరే. కాదన్నవాడు మళ్లీ ఊరి సభలో తలెత్తుకుని కూర్చోలేడు. ఇవ్వడం ఇష్టం లేనివాడికి ఒకటే దారి, అడగకముందే తప్పించుకోవడం. చెవిన పడని మాటకు బాకీ లేదు.

బౌరో ఆ దారి ఎన్నడూ తొక్కలేదు. అతని సైకిలు ఇప్పుడు బైరికిలో ఎవరింట్లో ఉందో అతనికే తెలియదు. విమానం ఎక్కే రోజు మేనమామ వరసయ్యే ఒకాయన చెప్పులు బాగున్నాయన్నాడు. బౌరో ఉత్తకాళ్లతో విమానం ఎక్కాడు. ఓడ మీద పనిచేసే అన్న జర్మనీ రేవులో కొని పంపిన గోల్‌కీపర్ గ్లోవ్స్ మాత్రం ఇంకా మిగిలాయంటే అది కోచ్ చలవ. ఆటకు ముందు ఇచ్చి, ఆట అవగానే తీసుకుని, ఆయన వాటిని తన పెట్టెలో పెట్టి తాళం వేసేవాడు. జట్టు మొత్తానికి ఉన్నది ఆ ఒక్క జతే.

"మన గోల్‌కీపరు ఎవరేది అడిగినా వదిలేస్తాడు" అని కుర్రాళ్లు నవ్వుకునేవారు. ఈ పొద్దున ఎవరూ నవ్వలేదు. సాయంత్రం ఆట తువాలుతోనే.

కోచ్ తొకతాకె కుంటుకుంటూ వచ్చాడు. కిరిబాస్ మొట్టమొదటి జట్టులో ఆడినవాడు, మోకాళ్లు రెండూ పగడపు ఇసుకకు అర్పించినవాడు. ఆ జట్టు పుట్టినప్పటి నుంచి దేశం బయట ఒక్క ఆట గెలవలేదు. పది గోల్స్ తిన్న రోజులున్నాయి, ఇరవై దాటిన రోజూ ఉంది. ఇంటిదగ్గర గెలుద్దామా అంటే గడ్డిపోచ మొలవని ఇసుక మైదానానికి ఏ దేశమూ రాదు. ఇప్పుడీ చిన్న దీవుల పోటీలోనూ మొదటి రెండు ఆటలూ పోయాయి. తువాలు ఒక్కటే వాళ్లకు సరిజోడు. ఆ తర్వాతి ఆట ఆతిథ్య జట్టుతో, దాని సంగతి ఎవరూ మాట్లాడుకోవడం లేదు. తొకతాకెకు ఇదే చివరి ప్రయాణం. ఒక్క గెలుపు చూసి పోదామని ఆయన ఆశ.

"వాడు దేనికొచ్చాడో తెలుసా?" అన్నాడాయన.

బౌరోకు తెలుసు. అక్కడున్న అందరికీ తెలుసు. రాత్రి రెండు జట్లూ కలిసి కూర్చున్న భోజనాల దగ్గర తువాలు కోచ్ అందరి ముందూ లోపతిని కడిగేశాడు. రెండు ఆటల్లో గోల్ కొట్టలేదు, రేపు కూడా కొట్టకపోతే జట్టులో నీ చోటు ఇంకొకడికి, మీ దీవికి పోయి చేపలు పట్టుకో అన్నాడు. నుయి దీవి నుంచి ఆ జట్టులోకి వచ్చినవాడు లోపతి ఒక్కడే. బౌరో పిన్ని కొడుకు. పిన్నిని నుయికి ఇచ్చారు. అక్కడివాళ్లు మాట్లాడేదీ కిరిబాస్ భాషే.

"కొబ్బరికాయ అడగడానికి వచ్చాడంటావా? ఒక్క గోల్ అడుగుతాడు. నువ్విస్తావు" అన్నాడు కోచ్.

బౌరో చాప మడిచాడు.

"ఇవ్వనని చెప్పరా నాకు."

బౌరో మడిచిన చాపనే విప్పి మళ్లీ మడిచాడు. కోచ్ ఒక నిట్టూర్పు విడిచాడు. "అయితే వంటింట్లోకి పో. ఆట మొదలయ్యేదాకా వాడికి నీ మొహం కనబడకూడదు."

వంటింట్లో నేయ్ తబేతా కర్రపెండలం చెక్కు తీస్తోంది. జట్టుకు వండిపెట్టడానికి తరవా దీవి నుంచి వచ్చిన ముసలావిడ. ఏమీ అడక్కుండా ఒక కత్తి బౌరో ముందుకు తోసింది. పలచటి గోడకు అవతల వరండాలో మాటలు వినిపిస్తున్నాయి.

"మౌరి పెదనాన్నా. అన్న ఉన్నాడా?" లోపతి గొంతు. మౌరి అంటే వాళ్ల భాషలో నమస్కారం.

"నిద్రపోతున్నాడు బాబూ."

"పర్లేదు, లేచేదాకా కూచుంటా."

"ఒంట్లో బాలేదు."

"అయ్యో. అయితే సాయంత్రం ఆడడా?"

కోచ్ కాసేపు దగ్గాడు. "ఆడతాడు. ఆడేంత బాగానే ఉంది. మాట్లాడేంత బాలేదు."

బెంచీ కిర్రుమంది. లోపతి కూర్చున్నాడు. ఉరియం వచ్చి వాన గురించి మాట్లాడాడు, ఇంకొకడు చేపల గురించి మాట్లాడాడు. లోపతి అన్నిటికీ మర్యాదగా బదులిచ్చాడు, బెంచీ మీంచి మాత్రం లేవలేదు. బౌరో చేతిలో కత్తి ఆగిపోయింది. తుమ్ము వస్తే ముక్కు గట్టిగా పట్టుకున్నాడు.

"చుట్టాన్ని చూసి వంటింట్లో దూరిన మగాణ్ణి ఇదే చూడ్డం" అంది నేయ్ తబేతా గొంతు తగ్గించి.

"మరేం చెయ్యను అమ్మమ్మా, నువ్వు చెప్పు."

"నన్నడక్కు. అడిగావంటే నేను ఇచ్చుకోవాలి."

చివరికి బెంచీ మళ్లీ కిర్రుమంది. "ఇది అన్నకివ్వండి పెదనాన్నా. అమ్మ కట్టిచ్చింది. మైదానంలో కలుస్తాలే." అతని అడుగుల చప్పుడు వానలో కలిసిపోయింది. మూటలో ఎండబెట్టిన మొగలిపండు రొట్టెలు, పిన్ని చేతివి. బౌరో వాటిని ముట్టుకోలేదు.

"తిను" అంది ముసలావిడ. "తినకపోతే నీకు తమ్ముడు కాకుండా పోతాడా?"

సాయంత్రానికి వాన సన్నబడింది కానీ మైదానంలో నీళ్లు నిలిచాయి. బౌరోకు గడ్డి మీద ఆడటమంటే పండగ. ఇంటిదగ్గర దూకినప్పుడల్లా పగడపు ఇసుక తొడల మీద చర్మం ఒలిచేది. ఇక్కడ చాపమీద పడ్డట్టే ఉంటుంది. ఆ రోజు అతను అవసరం ఉన్నా లేకపోయినా దూకాడు. దూకినప్పుడు ఏమీ వినపడదు.

కార్నర్ కిక్ వచ్చిన ప్రతిసారీ లోపతి గోల్ దగ్గరకు వచ్చేవాడు. అతను "అన్నా" అనబోయేలోగా బౌరో గొంతెత్తి చర్చి పాట అందుకునేవాడు. మూడోసారికి మిగతా కిరిబాస్ ఆటగాళ్లూ గొంతు కలిపారు. రిఫరీ విజిల్ ఊది ఏమిటిదని అడిగాడు.

"ప్రార్థన సార్" అన్నాడు ఉరియం.

విరామానికి కొంచెం ముందు బంతి తువాలు గోల్ ఎదుట నీళ్లలో పడి చటుక్కున ఆగిపోయింది. వాళ్ల గోల్‌కీపరు జారి ముందుకు పడ్డాడు. ఉరియం మోకాలికి తగిలి బంతి నెమ్మదిగా, దారి తెలియనిదానిలా, గీత దాటింది. కాసేపటిదాకా కిరిబాస్ ఆటగాళ్లు ఎగరలేదు. అది నిజంగా గోలేనా అని రిఫరీ వంక చూశారు.

రెండో సగమంతా బంతి బౌరో ముందే ఉంది. ఒకటి గోల్ కమ్మీకి తగిలింది. ఒకటి అతని పొట్టలో దిగబడింది. లోపతికి రెండుసార్లు చక్కటి అవకాశం దొరికింది. రెండుసార్లూ బంతి కమ్మీ పైనుంచి పోయింది. గీత అవతల వాళ్ల కోచ్ ఇంకొక కుర్రాణ్ణి నిలబెట్టి చొక్కా మార్పిస్తున్నాడు. లోపతి అటు చూశాడు, మళ్లీ బౌరోను చూశాడు. ఉరియం మధ్యలోకి వచ్చి నిలబడ్డాడు.

"అన్నతో ఒక్క మాట చెప్పనీ" అన్నాడు లోపతి.

"నాతో చెప్పు. నేను చేరేస్తా, వచ్చే వారం."

ఆట ముగియడానికి ఇంకాస్త ఉందనగా గుంపులో ఎగిరిన బంతి ఉరియం మోచేతికి తగిలింది. రిఫరీ పెనాల్టీ చుక్క వైపు చెయ్యి చూపించాడు. ఉరియం బురదలో అలాగే చతికిలబడ్డాడు. తువాలు కెప్టెన్ బంతికోసం చెయ్యి చాపాడు. లోపతి ఇవ్వలేదు. బంతిని రెండు చేతులా పొట్టకు హత్తుకుని చుక్క దగ్గరకు నడిచాడు.

అందరూ గీత వెనక్కి పోవాలి. పోతూ పోతూ ఉరియం అరిచాడు. "బౌరో, చెవులు మూసుకో."

ఇప్పుడు మధ్యలో ఎవరూ లేరు. పాట అందుకుందామన్నా గొంతు కలిపేవాడు దగ్గర లేడు. లోపతి బంతి కింద పెట్టి, దాని మీది బురద బొటనవేలితో తుడిచి, లేచి నిలబడ్డాడు. వానకు తడిసి అతని ముఖం పిన్ని ముఖంలా ఉంది. నోరు తెరిచాడు.

"అన్నా."

బౌరో చేతులు చెవుల దాకా వెళ్లాయి. కోచ్ కుర్చీ లోంచి లేవడం కనిపించింది. ఆ మోకాళ్లకు లేవడమంటే మాటలు కాదు. మూసుకుంటే చాలు, వినలేదంటే చాలు, ఎవరూ తప్పు పట్టరు. కానీ బౌరోకు అమ్మ గుర్తొచ్చింది. దూరాన కొబ్బరిచెట్ల మధ్య ఎవరైనా మొహమాటంగా నడిచి రావడం కనిపిస్తే అమ్మ ఇంట్లో ఆగేది కాదు, ఎదురెళ్లేది. ఏం కావాలి నాయనా అని తానే ముందు అడిగేది. వాళ్లు సిగ్గుపడేలోపే ఇచ్చి పంపాలనేది. పొద్దుటి నుంచి తాను గోడ వెనక తుమ్ము ఆపుకుని కూర్చున్నాడు.

చేతులు దించాడు.

"అడుగు తమ్ముడూ" అన్నాడు. "వింటున్నా."

వెనక నుంచి ఉరియం మూలుగు వినిపించింది.

లోపతి తెరిచిన నోరు తెరిచినట్టే ఉంది. గీత అవతల చొక్కా మార్చుకున్న కుర్రాణ్ణి ఒకసారి చూశాడు. తన జట్టువాళ్లకు ఈ భాష రాదు, అడిగినా ఎవరికీ తెలియదు. పెదవులు కదిలాయి. నోరు మూసేశాడు. తల అడ్డంగా ఊపాడు, బౌరోకు చెప్పినట్టు కాదు, తనకు తాను చెప్పుకున్నట్టు. నాలుగడుగులు వెనక్కి వేశాడు.

విజిల్ మోగింది.

అతను కసిగా తన్నాడు. బౌరో ఎడమకు దూకాడు. ఎందుకు ఎడమకో అతనికి తర్వాత కూడా తెలియలేదు. బంతి గ్లోవ్స్ చివర్లు తాకి, స్తంభానికి కొట్టుకుని, మళ్లీ గీత వైపే దొర్లింది. అతను బురదలో పాక్కుంటూ వెళ్లి దానిమీద ఒళ్లంతా వేసి పడుకున్నాడు. రిఫరీ చివరి విజిల్ ఊదేదాకా ఆ బంతి మళ్లీ అతని వైపు రాలేదు.

కిరిబాస్ గెలిచింది.

ఏం చేయాలో వాళ్లకు తెలియలేదు. గెలిచినవాళ్లు ఏం చేస్తారో ఇన్నాళ్లూ ఎదుటివాళ్లలోనే చూశారు. ఉరియం మైదానంలో బోర్లా పడుకుని గడ్డి కొరికాడు. నేయ్ తబేతా గొడుగు అడ్డంగా పట్టుకుని, పడవ దింపేటప్పుడు పాడే పాట ఎత్తుకుంది. మిగతావాళ్లు కోచ్‌ను ఎత్తబోతే, "మోకాళ్లురా, మోకాళ్లు" అంటూ ఏడ్చాడు.

బౌరో అటు వెళ్లలేదు. తువాలు బెంచీ చివర లోపతి బూట్లు విప్పుకుంటున్నాడు. పక్కన ఎవరూ లేరు. బౌరో వెళ్లి కూర్చున్నాడు.

"రొట్టెలు బాగున్నాయి. పిన్నితో చెప్పు."

"తిన్నావా?"

"ఒకటి తిన్నా. మిగతావి ఉరియం తినేశాడు."

లోపతి కొంచెం నవ్వాడు.

"పొద్దున ఏం అడుగుదామని వచ్చావు?"

"నీకు తెలుసుగా. ఒక గోల్."

"మరి అడగలేదేం? నేను వింటానన్నాగా."

లోపతి లేసులు ఒకదానికొకటి ముడేశాడు. "పొద్దున నువ్వు దాక్కున్నప్పుడు అడగాలనే ఉంది. దొరికితే అడిగేసేవాణ్ణి. ఎదురుగా నిలబడి అడుగు తమ్ముడూ అన్నాక" అని ఆగాడు. "ఎట్లా అడుగుతా?"

వాన మళ్లీ పెద్దదైంది. ఇద్దరూ కదల్లేదు.

"ఇప్పుడడుగు" అన్నాడు బౌరో.

"ఇప్పుడేముంది? ఎల్లుండి ఓడకి నుయి పంపించేస్తున్నారు." లోపతి చూపు బౌరో చేతుల మీద ఆగింది. "అక్కడ మా పిల్లలు ఆడతారు, చర్చి వెనక. నేను కూడా నిలబడతా, గోల్ దగ్గర." బూట్లు పక్కకు జరిపాడు. "ఆ గ్లోవ్స్ కావాలి, అన్నా."

చీకటి పడ్డాక హాల్లో పాటలు కాస్త తగ్గాయి. గెలుపు హడావిడిలో గ్లోవ్స్ సంగతి మరిచిన కోచ్ ఇప్పుడు తన పెట్టె తాళంచెవి తీసుకుని, కుంటుకుంటూ బౌరో చాప దగ్గరకు వచ్చాడు. పక్కన కూర్చుని, ఎవరూ వినడం లేదని చూసుకున్నాడు.

"ఒక్కటి చెప్పు. నిజం చెప్పు, నేనేమీ అనుకోను. వాడు అడిగుంటే ఇచ్చేవాడివా?"

బౌరో దుప్పటి గడ్డం దాకా లాక్కున్నాడు.

"సరే వదిలెయ్. గ్లోవ్స్ ఇటివ్వు, దాచాలి. ఎల్లుండి ఆతిథ్య జట్టు మనల్ని చీల్చి చెండాడుతుంది."

బౌరో దుప్పటి కింద నుంచి రెండు చేతులూ తీసి ముందు పెట్టాడు. నీళ్లలో నానిన వేళ్లు తెల్లగా ముడుతలు పడి ఉన్నాయి.

తొకతాకె ఆ ఉత్త చేతులను చాలాసేపు చూశాడు. తాళంచెవిని జేబులో వేసుకున్నాడు. ఒక అరచేతిని తన చేతిలోకి తీసుకుని, చేపను తూచినట్టు కాస్త ఎత్తి చూశాడు.

"పొద్దున్నే లే" అన్నాడు. "వీటితో బంతి పట్టడం నేర్చుకుందువుగాని."