రోగుల తరఫున ఒకరు

ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఎలా నడవాలో తేల్చే కమిటీలో ఇకమీదట రోగుల తరఫున కూడా ఒకరు ఉండాలని జిల్లా నుంచి ఉత్తర్వు వచ్చింది. డాక్టరమ్మ నీలవేణిని అడిగింది. ఆరేళ్ల కిందట పసిబిడ్డ పోయాక నెలల తరబడి తిండీ నిద్రా లేకుండా గోడకేసి చూస్తూ కూర్చున్న మనిషి ఆమె. ఇప్పుడు మందులు వాడుకుంటూ, ఆ బెంగాలీ ఊళ్లో తెలుగువాళ్లుండే రైల్వే పేట ఓల్డ్ సెటిల్‌మెంట్‌లో ఇంటి దగ్గరే బట్టలు కుట్టుకుంటూ నిలదొక్కుకుంది. అక్కడ సరేనంది గానీ, ఇంటికొచ్చి ఫారం చూసుకున్నాక సంతకం పెట్టకుండా ఆగిపోయింది. సభ్యుల పేర్లు గేటు పక్కన బోర్డు మీద రాస్తారట. ఆమె పేరు ఎదురుగా 'రోగి' అని ఉంటుందట.

రైల్వే వర్క్‌షాపు నుంచి వచ్చిన భర్త ఉమాశంకర్ ఆ కాగితం రెండుసార్లు చదివాడు.

"ఏటిది నీలూ? మనోళ్లంతా ఆ గేటు ముందునుంచే ఎల్తారు. రేపు కాలేజీలో మహతిని ఏటంటారు?"

ఆ భయం ఆమెకూ ఉంది. ప్రతి మంగళవారం మందులకెళ్తే ఆసుపత్రి కిటికీ దగ్గర గుమస్తా "మెంటల్! నీలవేణి!" అని కేకేస్తాడు. జ్వరం వాళ్లూ దగ్గు వాళ్లూ తలలు తిప్పి చూస్తారు. ఆ చూపులు పడలేకే పక్క వీధి అప్పలకొండ మందులు మానేసింది. మొన్న ప్లాట్‌ఫారం మీద దిక్కు తెలియక తిరుగుతుంటే ఇంటివాళ్లు వెతికి తెచ్చుకున్నారు.

"ఆ కేక ఆపమని సెప్పాలంటే నేను అక్కడ కూకోవాల కదండీ" అంది నీలవేణి. "పేరు దాసుకుంటే కూకోనివ్వరు."

"నా పేరు సెప్పి అమ్మని ఆపకు నాన్నా" అంది మహతి, పుస్తకంలోంచి తలెత్తకుండానే.

ఉమాశంకర్ కాగితాన్ని నీలవేణి ముందు పెట్టాడు. సంతకానికి తన చొక్కా జేబులోని పెన్ను తీసి ఇచ్చాడు.

మీటింగులో పదకొండు మంది. అధ్యక్షుడు మర్యాదగానే, "మీరు పడ్డ బాధ చెప్పండమ్మా" అన్నాడు.

"నా బాధ డాక్టరమ్మకి తెలుసు సార్. నేను రెండు సంగతులు అడగడానికి వచ్చాను" అంది నీలవేణి బెంగాలీలోనే. పేర్లు పిలవొద్దు, నంబరు పిలవండి. వారం వారం పని మానుకుని రాలేని వాళ్లున్నారు, వాళ్లకు నెల మందులు ఒకేసారి ఇవ్వండి.

"ఫైళ్లన్నీ పేర్లతోనే ఉంటాయి" అన్నాడు మీటింగు సంగతులు రాసుకుంటున్న ఆ కిటికీ గుమస్తా.

"ఫైల్లో పేరు ఉండనీండి దాదా. నోటితో మాత్రం నంబరు పిలవండి."

డాక్టరమ్మ తల వంచుకుంది. "ఆ కేక ఇన్నేళ్లూ నా గదిలోకి వినిపిస్తూనే ఉంది. తప్పని తోచలేదు" అంది.

మొదటిది ఒప్పుకున్నారు. రెండోది పైకి రాస్తామన్నారు. అంతా లేవబోతుంటే, ఏం రాసుకున్నారో చదవమంది నీలవేణి. గుమస్తా ఇబ్బందిగా చదివాడు: "రోగుల ప్రతినిధి కమిటీకి కృతజ్ఞతలు తెలిపారు."

"నేను ఆ మాట అనలేదు" అంది. కుర్చీలోంచి లేవలేదు. ఆ వాక్యం కొట్టేసి, ఆమె అడిగిన రెండూ రాసి, మళ్లీ చదివి వినిపించేదాకా ఎవరూ లేవలేకపోయారు.

మరుసటి మంగళవారం నుంచే నంబర్లు వచ్చాయి. నెల మందుల మాట మాత్రం ఇంకా పైనే ఉంది. రెండో మీటింగులో అడిగింది, జవాబు రాలేదన్నారు. మూడో మీటింగులో ఆమె నోరు తెరవకముందే గుమస్తా కాగితం ముందుకు జరిపాడు. చర్చించాల్సిన వాటిలో మొట్టమొదట అదే రాసి ఉంది.