ఓస్మరీనా కాలేయం ముక్క

"అదీ మాంసమేగా, ఆ చేపలాగే! ఫ్రీజర్లో పడేశాను. సోమవారం జందిరా తీరిగ్గా ఆ పని చేసుకుంటుంది," అన్నాడు నా భర్త వాల్డెసిర్, బల్ల చుట్టూ కూర్చున్న చుట్టాలతో. అందరూ నవ్వారు. వంటింట్లో తంబాకీ చేప పొలుసు తీస్తున్న నా చెయ్యి ఆగిపోయింది.

అతను పడేసింది ఓస్మరీనా కాలేయం ముక్క. ఆవిడ పురుస్ నది ఎగువనుంచి పడవలో మనౌస్ నగరంలోని మా ఆసుపత్రికి వచ్చింది. ఇద్దరు కొడుకులూ కామెర్లతో పోయారు, ఇప్పుడు తనకీ అదే. ముక్క తీసే సూది దిగుతుంటే నా చెయ్యి గట్టిగా పట్టుకుని, "నా పిల్లల్ని తిన్నదేంటో కనుక్కో తల్లీ," అంది. ఈ జబ్బులో వైరస్ ఒక్కటే కాలేయాన్ని పాడుచేయదు. దాన్ని పట్టుకోలేని మన రక్షక కణాలే ఏళ్ల తరబడి పోరాడి, కాపాడాల్సిన ఇంటినే తగలబెడతాయి. ఎందుకలా చేస్తాయో తెలియాలంటే అవి ప్రాణంతో ఉండగానే చూడాలి. ఊరికే గడ్డకట్టిస్తే పగిలి చచ్చిపోతాయి. మా ప్రయోగశాల పెద్దగారైన నా మొగుడు పరీక్ష గొట్టం ముట్టుకుని ఏళ్లయింది, ఆయనకివన్నీ ఎక్కడ గుర్తుంటాయి!

ఆ పొద్దున తనే నా బల్ల దగ్గరికి వచ్చి, "అమ్మ పుట్టినరోజు, జందిరా! వంటకి నువ్వు లేకపోతే ఎలా? ఈ ముక్క సంగతి నేను చూసుకుంటాలే," అన్నాడు. నమ్మాను. అత్తగారు గుమ్మంలోనే, "వచ్చావా మహాతల్లీ! ఆ కణాలకున్న విలువ మాకెక్కడిది!" అంది. అప్పటికవి బతికే ఉన్నాయనుకుంటూ నవ్వి ఊరుకున్నాను. ఆ నవ్వుని తలుచుకుంటే నా మీదే అసహ్యం వేస్తుంది.

సోమవారం ప్రయోగశాల సమావేశంలో అతను, "నమూనా పనికిరాలేదు. ఆవిడ కాలేయం మరీ పాడైపోయింది," అన్నాడు. తను చేసిన వెధవపని జబ్బుమనిషి ఒంటి మీదకి తోసేశాడు. ఒళ్ళు మండిపోయింది. పైగా నాతో, "ఆవిడకి ఫోన్ చేసి మెల్లగా చెప్పు. ఇలాంటివి ఆడవాళ్లయితేనే బాగా చెప్తారు. అలాగే కాస్త కాఫీ," అన్నాడు.

అక్కడే, అందరికీ వినబడేలా స్పీకర్ పెట్టి ఫోన్ చేశాను.

"ఓస్మరీనమ్మా, మీ ముక్క బాగానే ఉండేది. మేమే పాడుచేశాం."

"అయ్యో, మళ్ళీ గుచ్చాలా తల్లీ? ఏమైంది?"

ఫోను వాల్డెసిర్ ముందుకి జరిపాను.

"అడుగుతోందిగా, చెప్పు," అన్నాను. "ఈసారి నేను సాయం పట్టను."