అవతలకి ఎవరైనా ఉన్నారా?

మా ఊరి నడిమధ్య ఒక మురుగుకాలవ పారుతుంది. కాలవకి ఆ వైపు వాళ్ళు మా వైపుని "అవతల" అంటారు. అందులో వింతేం లేదు. వింతంతా మాలోనే ఉంది. మేమూ మా వైపుని అవతలే అంటాం. సొంత గుమ్మంలో నిలబడి "మేం అవతల ఉంటాం" అని చెప్పుకునే మనుషులం లోకంలో మేమొక్కళ్ళమే అయ్యుంటాం. బస్సూ అంతే. వంతెన దగ్గర ఆపి, "అవతలకి ఎవరైనా ఉన్నారా?" అని కండక్టరు అరుస్తాడు. ఎవరూ పలక్కపోతే అక్కణ్ణుంచే వెనక్కి తిప్పేస్తారు.

మా ఆయన లిఫ్టు మెకానిక్కు. ఆ వైపు ఒక మేడలో లిఫ్టు బాగుచేస్తుంటే, పై అంతస్తులో ఇల్లు ఖాళీగా ఉందని తెలిసింది. నాకు కావలసింది ఇల్లు కాదు, ఆ వీధి చివరున్న బడి. ఆ వైపు కాపురమున్న వాళ్ళ పిల్లల్నే అందులో చేర్చుకుంటారు. అదీ ఆరో తరగతిలోనే; అది దాటితే మళ్ళీ తలుపు తియ్యరు. మా పిచ్చుక ఈ ఏడాది ఆరులోకి వస్తోంది. పిచ్చుక అంటే మా అమ్మాయే. ఎప్పుడూ ఏదో ఒకటి అడుగుతూనే ఉంటుంది. మా వైపు బడికి లెక్కల మాస్టారు చుట్టపుచూపుగా వచ్చి పోతాడు, ఇక దానికి జవాబు చెప్పేదెవరు?

అవతలవాళ్ళకి ఆ మేడలో ఇల్లివ్వరు. ఎక్కడా రాసి ఉండదు, అందరికీ తెలుసు. అందుకని తండ్రీకూతుళ్ళిద్దరికీ ముందే పాఠం చెప్పాను. ఎవరడిగినా మనం ఉండేది ఆ వైపు మార్కెట్ వెనకాల. "అవతల" అన్న మాట ఎవరి నోట వచ్చినా ఊరుకునేది లేదు.

"మరి మనింట్లో నిలబడితే ఇదే ఇవతల కదమ్మా?" అంది పిచ్చుక.

"నీ తెలివి ఆ బడిలో చూపిద్దువుగాని. ఆ మాట మాత్రం అనకు."

మా ఆయన గురించి నాకు బెంగ లేదు. నోట్లో నాలుక లేని మనిషి.

ముగ్గురం ఇల్లు చూడ్డానికి వెళ్తే ఇంటావిడ నవ్వుముఖంతో తలుపు తీసింది. గదులు వెలుతురుగా ఉన్నాయి. కిటికీలోంచి బడి ఆటస్థలం కనబడుతోంది. పిచ్చుక అక్కణ్ణుంచి కదల్లేదు. "చురుకైన పిల్లేనమ్మా" అంటూ ఆవిడ తాళంచెవి చేతిలోకి తీసుకుంది. ఆవిడ వంటగదిలో కుళాయి తిప్పి చూపించింది.

"నీళ్ళు రెండు పూటలా వస్తాయమ్మా."

"అమ్మయ్య! మా అవతలైతే తెల్లారకముందే బిందెలు పట్టుకుని ట్యాంకరు వెంట పరుగెత్తాలి!"

అనేశాను. సంతోషం పట్టలేక నేనే అనేశాను. ఆవిడ మెల్లగా కుళాయి కట్టేసింది.

"మార్కెట్ వెనకాల అన్నారు కదమ్మా?"

ఆవిడ కోప్పడలేదు.

"మీరు మంచివాళ్ళే. నాకేం పట్టింపు లేదు. చుట్టుపక్కల వాళ్ళు ఊరుకోరమ్మా" అంది. తాళంచెవి బొడ్లోకి వెళ్ళిపోయింది.

నా నోటికి మా వీధంతా జడుస్తుంది. ఆవేళ ఆ నోటికి పనే లేకపోయింది. ఆవిడ ఒక్క చెడ్డ మాటైనా అని ఉంటే దులిపేసేదాన్ని. బాగుచేసిన లిఫ్టు పిలవగానే వచ్చింది. ముగ్గురం దిగాం. మా ఆయన నన్ను ఒక్క మాటా అనలేదు. అని ఉంటే బాగుండేది.

వంతెన దగ్గర బస్సు ఆగింది. మా వైపు వెళ్ళేది ఆ బస్సులో మేం ముగ్గురమే.

"అవతలకి ఎవరైనా ఉన్నారా?"

నేను కిటికీ వైపు తిరిగాను. మా ఆయన తల వంచుకుని ఉన్నాడు. కండక్టరు ఇంకోసారి అరిచి, బస్సు మీద చేత్తో చరిచాడు. డ్రైవరు వెనక్కి తిప్పడం మొదలుపెట్టాడు.

పిచ్చుక నా చెయ్యి పట్టుకు లాగింది.

"అమ్మా, ఇప్పుడు అనొచ్చా?"