ఫ్యూజులు జేబులో ఉండగా

తల రుద్దుకుని కుళాయి కిందకు మెడ వంచిన క్షణంలో షాక్ కొట్టింది. వీపు మధ్యగా దిగి, మడమల దాకా పాకి, మాయమైంది.

యాభై ఎనిమిదేళ్ల ఆ మనిషి సగం జీవితం ఇళ్లకు వైరింగు చేస్తూనే గడిపాడు. షాకులు ఆయనకు కొత్త కాదు. అయితే కరెంటు ఎప్పుడూ చేతిని పట్టుకుని లోపలికి వచ్చేది. ఇది మెడలో మొదలైంది. ఆ తేడాను గమనించాడు. గమనించి, పక్కన పెట్టాడు. ఎందుకంటే ఆ స్నానాలగదిలో గీజరు బిగించి లైను లాగినది, ఆయన దగ్గరే పని నేర్చుకున్న అల్లుడు; తప్పు ఆ పనిలోనే ఉంటుందనుకున్నాడు.

తడి తలతోనే బయటికొచ్చి స్విచ్చి కట్టేశాడు. "ఎవరూ లోపలికి వెళ్లకండి. పాపను అసలు అటు రానివ్వొద్దు."

"అల్లుడు పెట్టాడు కాబట్టి షాకు కొట్టింది. మీరు పెట్టుంటే దీవించేదేమో," అంది భార్య, పొయ్యి మీద నీళ్లగిన్నె ఎక్కిస్తూ.

వీధిలో ఆయనను 'ఎర్తింగు మామయ్య' అంటారు. ఏ ఇంటికి పిలిచినా, పిలిచిన పని వదిలేసి ముందు ఎర్తు వైరు చూస్తాడు. ఇక్కడా చూశాడు. బాగానే ఉంది. టెస్టరు వెలగలేదు. మీటరు సున్నా చూపించింది. ఆధారం లేనిదే దేన్నీ నమ్మని మనిషి ఆ సున్నాను మాత్రం నమ్మలేదు.

మర్నాడు హాల్లో బూటు లేసు కట్టుకోవడానికి వంగితే మళ్లీ కొట్టింది. ఆపై వంటింట్లో. ఇల్లంతా లీకవుతోందని తేల్చుకున్నాడు. మనవరాలు గోడకు వీపానించి, నేల మీద కాళ్లు చాపుకుని బొమ్మలేస్తుంటే చూశాడు. ఒక్క ఉదుటున వెళ్లి ఎత్తుకున్నాడు. అప్పుడు కుడికాలు తడబడింది. దాన్ని వయసు ఖాతాలో వేశాడు.

"మావయ్యా, ఇంట్లో ఇంతమందిమి ఉన్నాం. మీ ఒక్కరికే ఎందుకు కొడుతోంది?" అన్నాడు అల్లుడు.

"నువ్వు రబ్బరు చెప్పులేసుకుని తిరుగుతావు."

"పాప వేసుకోదుగా?"

గొంతు పెంచడం ఆయనకు అలవాటు లేని పని. అయినా పెంచాడు. "పసిపిల్ల ఉన్న ఇల్లు ఇది! ఈ పని నీకు చేతకాదు, మానేయ్!"

"నాన్నా!" అంది కూతురు, గుమ్మంలోంచి.

అల్లుడి మొహం మాడిపోయింది. "సరే. మెయిను తీసేద్దాం. ఫ్యూజులు మీ జేబులోనే పెట్టుకోండి. అప్పుడు షాకు రాకపోతే తప్పు నాదే. ఇంక టెస్టరు ముట్టుకుంటే ఒట్టు."

పట్టపగలే తీశారు. ఫ్రిజ్ గురక ఆగింది. ఫ్యాన్లు నీరసించి నిలిచిపోయాయి. ఆయన గోడకు దూరంగా వేసిన చెక్కబల్ల మీదికి ఎక్కాడు. ఒక వైరింగులో తప్పుండాలని జీవితంలో మొదటిసారి కోరుకుంటూ, గడ్డాన్ని ఛాతీకి ఆనించాడు.

కొట్టింది.

జేబు తడిమి చూసుకున్నాడు. ఫ్యూజులు అక్కడే ఉన్నాయి. ఒక్క ఫలితాన్ని నమ్మకూడదని, మళ్లీ చూడాలని అందరికీ చెప్పేవాడు ఆయనే. మళ్లీ మెడ వంచే ధైర్యం లేకపోయింది.

"ఏం మావయ్యా? వచ్చిందా?"

రాలేదంటే చాలు, ఆయన ఆరోగ్యవంతుడు, అల్లుడు చేతకానివాడు. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది.

"వచ్చింది," అన్నాడు. "నీ పనిలో తప్పు లేదు బాబూ. నాలోనే ఏదో ఉంది. చెయ్యి పట్టుకో, దిగలేను."

స్కాన్లయ్యాయి. వెన్నులోంచి నీరు తీసి పరీక్షించారు. నరాల డాక్టరమ్మ తెర మీది తెల్లమచ్చలు చూపించింది. "నరాల మీది పొర అక్కడక్కడ ఊడిపోయింది. మెడ వంచినప్పుడల్లా షాకు కొట్టేది అందుకే. మల్టిపుల్ స్క్లెరోసిస్ అంటాం. సాధారణంగా పడుచు వయసులో మొదలవుతుంది. మీ వయసులో అరుదు. అందుకే ముందు మెడ ఎముకల అరుగుదలేమో అనుకున్నాం."

"అంటే ఇన్సులేషను పోయిందా?"

"అలాగే అనుకోండి."

"ఆ లైను తీసేసి కొత్తది లాగలేరా?"

"లేమండీ. ఇంకా పాడవకుండా మందులతో కొంత ఆపే ప్రయత్నం చేస్తాం."

"తర్వాత ఎక్కడ పోతుంది? కన్నా? చెయ్యా?"

"ముందుగా చెప్పలేం."

ఏ ఇంటివారికీ ఆయన ఎన్నడూ అలాంటి జవాబు ఇచ్చి రాలేదు.

ఇంటికొచ్చి గుమ్మం పక్కన కుర్చీలో కూర్చున్నాడు. భార్య అడిగింది: "ఏమండీ, గీజరు వేసుకోవచ్చా?"

"వేసుకో. ఇంటికేం కాలేదు."

అంతలో మనవరాలు బయటినుంచి ఒక చెప్పు మోసుకొచ్చింది. "తాతా, నీ చెప్పు గేటు దగ్గరే ఉండిపోయింది! ఒంటిచెప్పుతో వచ్చేశావ్!" అంటూ పకపకా నవ్వింది.

ఆయనకు తెలియలేదు. రెండు పాదాలకూ చెప్పులున్నట్టే ఉంది. పాదం బోసిగా ఉందో లేదో చూసుకోవాలంటే మెడ వంచాలి. కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుని, ఎదుటి గోడనే చూస్తూ, ఆయన అలాగే కూర్చున్నాడు.