పదకొండు నిమిషాలు పాడే బాక్సు

బెన్నీ బాబాయి తన మారుతీ వ్యానులో పాట పెడితే ముందు కాలవలో బాతులు కదిలేవి, తర్వాత వంటింట్లో గిన్నెలు కదిలేవి, ఆఖరికి నానమ్మ కదిలి గుమ్మంలోకొచ్చి, "ఒరే, నా గుండె నాకు కావాలిరా" అనేది.

రెండు వేల మూడు క్రిస్మస్ ముందు బిగించాడు దాన్ని. వ్యాను వెనక తలుపు పైకెత్తితే నల్లటి పెట్టె, పెట్టెలో తాంబాళమంత సబ్ ఊఫరు, పెట్టె నెత్తిన స్క్రూలతో బిగించిన ఆంప్లిఫయరు. పాటంతా ఆ ఆంప్లిఫయరు గుండానే రావాలి. అది నోరు మూసుకుంటే వ్యానంతా నోరు మూసుకున్నట్టే. పి.గన్నవరం దగ్గరి ఆ ఊళ్లో అంతంత పేర్లు పలికే ఓపిక ఎవరికీ లేదు గనక రెండింటికీ కలిపి 'బాక్సు' అని పేరు పెట్టేశారు.

ఆ బాక్సంటే అందరికన్నా ఇష్టం రూతుకి. బాబాయికి అన్న కూతురు, తొమ్మిదో తరగతి. బడిలో హాజరు పిలిస్తే "ఉన్నాను సార్" అనే రెండు మాటలు కూడా పక్కన కూర్చునే అక్షయ చేత చెప్పించుకునే పిల్ల. తను అనాలనుకున్నవన్నీ డైరీలో అనుకునేది. చర్చిలో పాటల జట్టుకి పెద్ద ఆమె తండ్రి జ్ఞానప్రకాశం మాస్టారే కావడంతో జట్టులో నిలబడక తప్పలేదు. ఏడాది పాటు పెదాలు కదిపి నెట్టుకొచ్చింది. బాక్సు వచ్చాక కథ మారింది. ఆ దబదబల కింద గొంతు చించుకుని పాడినా పక్కనున్న అక్షయకి కూడా వినబడదు. రూతు పాడింది. చెవులు వేడెక్కేలా, మెడ నరాలు పొంగేలా పాడింది. ఇంటికెళ్లి డైరీలో, 'ఈరోజు నేను అరిచాను. ఎవరికీ తెలీదు' అని రాసుకుని, దుప్పటి ముసుగులో చాలాసేపు నవ్వుకుంది.

అంత మేలు చేసిన బాక్సుకి ఏదైనా చేయాలి కదా. ఆ ఇంట్లో ఇష్టమైన వస్తువుకి చేసేది ఒకటే, కవరు కుట్టడం. టీవీకి కవరుంది, మిక్సీకి ఉంది, కుట్టుమిషనుకి ఉంది, గ్యాసు బండకి కుచ్చులతో సహా ఉంది. చర్చి తెరలకి తెచ్చిన నీలం వెల్వెట్టులో మిగిలిన ముక్కని రూతు అడగకుండానే నానమ్మ తీసిచ్చింది. గతుకుల్లో దెబ్బ తగలకుండా లోపల పాత బొంత ముక్క వేసి, అంచుకి క్రోషియా లేసు అల్లి, ముందు వైపు తెల్ల పావురాన్ని కుట్టి, పాట బయటికి రావడానికి ఊఫరు దగ్గర గుండ్రంగా కిటికీ కత్తిరించి, పక్క అంచున ఆరు జతల నాడాలు పెట్టింది. పెట్టె, ఆంప్లిఫయరు, తీగలూ అన్నీ అందులో పసిపిల్లల్లా ఒదిగిపోయాయి. బాబాయి చూసి, "మన అమ్మలు చెయ్యే చెయ్యి" అని ఊరంతా తిప్పి చూపించాడు.

జనవరి ఒకటిన దెబ్బ పడింది. చర్చి ఆవరణలో రెండు వందల మంది. రూతు కళ్లు మూసుకుని, గొంతెత్తి, పై స్థాయిలో ఉంది. బాక్సు టక్కున ఆగిపోయింది. జట్టులో మిగిలిన పదకొండు మందీ ఉలిక్కిపడి ఆగిపోయారు. కళ్లు మూసుకున్న రూతుకి ఆగాలని తెలియడానికి ఒక చరణమంత సేపు పట్టింది. కళ్లు తెరిస్తే రెండు వందల ముఖాలూ ఆమె వైపే. నిశ్శబ్దంలో నానమ్మ ఒక్కతే చప్పట్లు కొట్టింది. పాడటం కన్నా ఆ చప్పట్లకే రూతుకి ఎక్కువ జ్వరం వచ్చింది.

ఆనాటి నుంచి బాక్సుకి అదే రోగం. బాగా పాడుతూ పాడుతూ ఆగిపోతుంది. తిట్టినా కొట్టినా పలకదు. కాసేపటికి ఎవరూ అడక్కుండానే మళ్లీ మొదలెడుతుంది.

బాబాయి వ్యాను తీసుకుని అమలాపురం వెళ్లాడు. కారు డెక్కులు బిగించే వీరవెంకటరమణ చాలా మర్యాదస్తుడు. ముందు నాడాలు విప్పి, కవరు తీసి, నాలుగు మడతలు పెట్టి, దుమ్ము పడని చోట పెట్టి, అప్పుడు గానీ స్క్రూడ్రైవరు పట్టుకోడు. ఫ్యూజు మార్చి, బ్యాటరీ బిళ్లలు గీకి, గంటసేపు పాట పెట్టాడు. శుభ్రంగా పాడింది. కవరు తొడిగి పంపించాడు. దారిలో పాలగుమ్మి ఊరు దాటకుండానే ఆగిపోయింది.

రెండోసారి ఎర్తు వైరు పట్టుకున్నాడు. "రంగు మీద బిగించేరండి. రంగు మీద బిగిస్తే కరెంటు తిరిగెళ్లే దారేదండీ?" అని, రంగు గీకి ఇనుము తేలాక మళ్లీ బిగించాడు. గంటసేపు పాడింది. దారిలో ఆగిపోయింది.

మూడోసారి వేసవి గౌను గుడ్డ కొనుక్కోవాలని రూతు కూడా వెళ్లింది. కవరు పెట్టడానికి శుభ్రమైన చోటు దొరక్క వీరవెంకటరమణ దాన్ని మడతపెట్టి ఆమె ఒళ్లోనే పెట్టాడు.

"ఎవరు కుట్టేరోనండి, పావురం కన్ను చూస్తే ప్రాణమున్నట్టే ఉంది."

"ఈ పిల్లేనండి," అన్నాడు బాబాయి. రూతు పావురం మీద ముఖం దాచుకుంది.

వీరవెంకటరమణ స్పీకరు వైర్లన్నీ వేలితో తడుముతూ వెళ్లి, ఎక్కడా ఇనుముకి ఒరుసుకోలేదని తేల్చుకుని, ఆంప్లిఫయరు మీద అరచెయ్యి పెట్టాడు. "వేడెక్కితే తనంత తనే ఆగిపోద్దండీ ఇది. కాలిపోకుండా కాపాడుకుంటదన్నమాట. అప్పుడిక్కడ ఎర్ర లైటు వెలుగుద్ది. మరి చెయ్యెట్టి చూడండి, గంట పాడినా మంచినీళ్ల కుండలా చల్లగా ఉంది."

"ఎర్ర లైటు నేనెప్పుడూ చూళ్లేదండి," అన్నాడు బాబాయి.

"ఆయ్. అదీ కాదన్నమాట. దీనికి నా కొట్టంటే భయమండీ. నన్ను చూస్తే బుద్ధిగా పాడేస్తంది. ఓ పని చెయ్యండి. ఎప్పుడు ఆగింది, ఎంతసేపు పాడి ఆగింది, అన్నీ రాసి తెండి. డాక్టరు దగ్గరికెళ్లినా అదే అడుగుతారు కదండీ."

రాసే పని రూతుకి పడింది. రాయడమంటే ఆమెకి అన్నం తినడమంత సులువు. చేతి గడియారం పెట్టుకుని, తను వ్యానెక్కిన రోజున చూసి, ఎక్కని రోజున బాబాయిని అడిగి, డైరీలో ఎక్కించింది. పదకొండు నిమిషాలు. పదకొండున్నర. పన్నెండు. మళ్లీ పదకొండు. ఒకరోజు పెళ్లి భోజనం తెస్తుంటే పప్పుచారు ఒలికి పావురం పసుపయింది. అదీ రాసింది. దిండిలో పడవలెక్కేవాళ్లని దించడానికి వెళ్లొచ్చిన బాబాయి, "వెళ్లేప్పుడూ వచ్చేప్పుడూ ఒక్కసారి ఆగితే ఒట్టు. కుదిరిపోయింది అమ్మలూ" అన్నాడు. అదీ రాసింది. గురువారానికి మళ్లీ ఆగింది. "దిండి ఉప్పుగాలి పడలేదు దానికి," అన్నాడు బాబాయి. అదీ రాసింది.

మట్టల ఆదివారం దగ్గర పడింది. ఏటా ఆ ఉదయం కొబ్బరి మట్టలు చీల్చి, చేతుల్లో పట్టుకుని, చర్చి నుంచి కాలవ గట్టంట లాకుల దాకా పాడుకుంటూ వెళ్లి రావడం ఆనవాయితీ. ముందు వ్యాను, దాని వెనక తలుపెత్తిన బాక్సు, బాక్సుకి ఎదురుగా పాటల జట్టు, వెనక ఊరు.

శనివారం జ్ఞానప్రకాశం మాస్టారు తమ్ముణ్ణి పిలిచి, "ఒరే బెన్నీ, రేపు గానీ అది ఆగిందంటే వచ్చే ఏడు నుంచి కొత్తపేట మైకు సెట్టేరా. నన్నేం అనకు" అన్నాడు.

"ఆగితే అక్కడే లాకుల మీద మీసం తీయించేసుకుంటానన్నయ్యా."

"నీ మీసంతో నాకేం పని. పాట మధ్యలో ఆగకూడదు."

నానమ్మ కల్పించుకుంది. "ఆగినా ఏం పర్లేదు. మన రూతు అందుకుంటది. జనవరిలో అందుకోలేదూ?"

"అవును, నాకది తట్టనే లేదు," అన్నాడు మాస్టారు నిజంగానే సంతోషపడి. "ఆగితే నువ్వు అందుకోవాలమ్మా."

ఆ రాత్రి రూతు అన్నం తినలేదు. బాక్సు ఆగకూడదని ఎంత ప్రార్థించిందో, కవరుని అంత శ్రద్ధగా ఇస్త్రీ చేసింది.

ఆదివారం ఉదయం చర్చిలో చాప మీద కూర్చుని, బైబిలు మధ్య డైరీ పెట్టుకుని, 'భయంగా ఉంది' అని రాయబోయింది. పేజీ కోసం తిప్పుతుంటే మార్చి మూడో వారం దగ్గర వేలు ఆగింది.

'మంగళవారం. పప్పుచారు మరక పోయేదాకా కవరు ఉతికాను. లోపలి బొంత ముక్క ఆరడం లేదు.'

దాని కిందే, 'బుధవారం. కవరు ఇంకా తడిగానే ఉంది. బాబాయి దిండి వెళ్లొచ్చాడు. బాక్సు ఒక్కసారీ ఆగలేదు.'

దాని కిందే, 'గురువారం. కవరు ఆరింది. తొడిగాను. పన్నెండు నిమిషాలకి ఆగింది.'

రూతు మళ్లీ చదివింది. అమలాపురంలో తన ఒళ్లో మడతపెట్టి ఉన్న నీలం వెల్వెట్టు గుర్తొచ్చింది. మంచినీళ్ల కుండ గుర్తొచ్చింది. ఎర్ర లైటు ఎందుకు కనబడలేదో తెలిసొచ్చింది. దాని మీద ఆమే స్వయంగా బొంత కప్పింది. మూడు నెలలుగా ఊరంతా వెతుకుతున్న దొంగని తను ఇస్త్రీ చేసి మరీ పంపించింది.

నవ్వొచ్చింది. ప్రార్థనలో నవ్వకూడదని చున్నీ నోట్లో కుక్కుకుంది. అక్షయ గుచ్చి చూసింది. "ఏమైందే?"

"కవరు," అంది రూతు. "కవరు తీసెయ్యాలి."

"ఏ కవరే? కానుకల కవరా?"

చెప్పే లోపే అందరూ లేచారు. మట్టలు చేతికొచ్చాయి. బయట బాబాయి ఇంజను వేశాడు. బాక్సు గుండె అదిరేలా మొదలైంది. గడియారంలో ఏడూ అయిదు.

ఏడూ పదహారుకి ఆగుతుంది.

వ్యానుకీ ఆమెకీ మధ్య నాలుగడుగులు. ముందు నడిచే తండ్రికి చెబుదామంటే బాక్సు హోరులో వినబడదు. బాబాయి డ్రైవరు సీట్లో ఉన్నాడు. ఎవరికైనా సైగ చేయాలంటే చెయ్యి పైకెత్తాలి, చెయ్యెత్తితే అందరూ చూస్తారు. ఏడూ పది. నీలం వెల్వెట్టు మీద ఏప్రిల్ ఎండ పడి పావురం తళతళలాడుతోంది. ఏడూ పన్నెండు. పాట ఆ పై స్థాయి దగ్గరికి వస్తోంది. అక్షయ చెవిలో అరిచి చెప్పింది. అక్షయ తిరిగి అరిచింది. "అయితే వెళ్లి తియ్యి మరి. నేను తీస్తే నీ లేసు చింపేస్తాను."

ఆ మాటకి రూతు కాళ్లు వాటంతటవే కదిలాయి. నాలుగడుగులు పరిగెత్తి, నడిచే వ్యాను వెనక అంచు మీదికి ఎగిరి కూర్చుంది. బాక్సు ఆమె ఎముకల్లోకి మోగింది. ఆరు జతల నాడాలు, ప్రతి జతకీ రెండేసి ముడులు. అంత గట్టిగా ఎవరు కట్టారో తిట్టుకోబోయి, తనే అని గుర్తొచ్చి మళ్లీ నవ్వింది. మూడు విడివడ్డాయి. నాలుగోది పళ్లతో లాగింది. అద్దంలో బాబాయి కళ్లు పెద్దవయ్యాయి. "ఏయ్ అమ్మలూ, పడిపోతావే," అన్నట్టు పెదాలు కదిలాయి. ఆరో ముడి ఊడింది. కవరు పైకి లాగితే దోసె పెనం మూత తీసినట్టు వేడి ముఖాన కొట్టింది.

ఏడూ పదిహేను. ఆంప్లిఫయరు మీద వేలు పెట్టి, చటుక్కున తీసేసింది. ఇలా వదిలేస్తే చల్లారదు. గాలి కావాలి. జట్టులోంచి అక్షయ ముందుకొచ్చి తన కొబ్బరి మట్ట అందించింది. రూతు విసరడం మొదలెట్టింది. కట్టెల పొయ్యి దగ్గర నానమ్మ విసిరినట్టు, రెండు చేతులతో, ఒళ్లు మరిచిపోయి విసిరింది.

ఏడూ పదహారు. పాడుతోంది. పదిహేడు. పాడుతోంది.

అప్పుడు తలెత్తి చూసింది. ఊరంతా ఎదురుగా ఉంది. జట్టు, మట్టలు, చంకల్లో పిల్లలు, వెనక వరసలో నానమ్మ, అందరూ వ్యాను వెనక కాళ్లు వేలాడేసి కూర్చుని యంత్రానికి విసురుతున్న పిల్లనే చూస్తున్నారు. రూతు దాక్కోవడానికి చోటు వెతికింది. ముందు ఊరు, వెనక బాక్సు. ఎక్కడా చోటు లేదు. లేదని తెలిశాక చిత్రంగా ఒళ్లు తేలికైంది. కాళ్లు ఊపుతూ పాడింది. ఎలాగూ వినబడదు కదా అని పై స్థాయికి ఎక్కి మరీ పాడింది. లాకుల దగ్గర తిరిగి, గట్టంట వెనక్కొచ్చి, చర్చి గేటు దాకా ఒక్కసారి కూడా ఆగలేదు బాక్సు.

గేటు దగ్గర బాబాయి, ఊరేగింపు అయిపోయింది గనక, డెక్కు కట్టేశాడు.

ఆ సంగతి రూతుకి ఎవరూ చెప్పలేదు. ఆమె గొంతొక్కటే ఆవరణంతా మోగింది. జట్టు ఆగింది. ఊరు ఆగింది. రూతుకీ తెలిసింది, ఈసారి కళ్లు తెరిచే ఉంది. ఆపేద్దామనుకుంది. ఇంకా సగం చరణమే ఉంది. సగంలో ఆపితే బాక్సుకీ తనకీ తేడా ఏముంది? మట్ట విసురుతూనే మిగిలిన సగం పాడేసి, దిగి, అక్షయ వెనక్కి వెళ్లి నిలబడింది. నానమ్మ చప్పట్లు కొట్టింది. ఈసారి నానమ్మ ఒక్కతే కాదు.

బాబాయి మీసం తడుముకుంటూ వీరవెంకటరమణకి ఫోను చేసి సంగతంతా చెప్పాడు. అవతల స్క్రూడ్రైవరు బల్ల మీద పెట్టిన చప్పుడు వినబడింది.

"ఏవండీ, ఉన్నారా?"

"ఆయ్. ఉన్నానండి. ఆ కవరు నేనే కదండీ మూడుసార్లు మడతపెట్టింది. మూడుసార్లూ నేనే తొడిగేనండి, నాడాలతో సహా."

పక్కన నిలబడి వింటున్న రూతు ఇక ఆపుకోలేక గట్టిగా నవ్వేసింది. ఫోనులో ఆయనకి కూడా వినబడేంత గట్టిగా.