మోత ఆగిన చోటు

లాండ్రీ షాపులో మూల మిషను తలుపు మళ్లీ మూసుకోనంటోంది. లైల్ ప్రోకాప్ దాని ముందు మోకాళ్ల మీద కూలబడ్డాడు. గొళ్లెంలో ఇరుక్కున్న పసిపిల్ల సాక్సును పట్కారుతో లాగుతూ ఆ సాక్సును, అది తొడిగిన కాలిని, ఆ కాలిని కన్నవాళ్లను కలిపి గొణుక్కుంటూ తిడుతున్నాడు. పొడుగు మనిషి. వీపు వంగిపోయింది. సబ్బునీళ్లలో నాని నాని చేతులు ఎప్పుడూ పాలిపోయి ఉంటాయి. యంగ్స్‌టౌన్‌లో అతను చెయ్యి పెట్టని బట్టల మిషను లేదు గానీ, అతని పేరు తెలిసినవాళ్లు మాత్రం అరుదు. మిషన్లాయన అంటారు, అంతే.

ఒకప్పుడు శనివారాల్లో బార్లలో వాయించే బ్యాండులో గిటారు పట్టాడు. అదీ రెండో గిటారు. డ్రమ్ముల పక్కన, దీపం వెలుగు పడని చోట నిలబడేవాడు. భార్య అతన్ని వదిలి వెళ్లేటప్పుడు, ఇంట్లో నువ్వున్నావో లేవో తెలియాలంటే లైటు వేసి చూడాల్సి వస్తోంది అందట. అదీ నిజమేలే అనుకుని ఆమె పెట్టెలు కారు దాకా మోసిపెట్టాడు.

అలాంటి మనిషి గొంతెత్తేది ఒక్క డెల్మర్ ఫ్యూగేట్ దగ్గరే. డెల్మర్ ఆ బ్యాండులో మొదటి గిటారు. ఉక్కు ఫ్యాక్టరీ మూతబడ్డాక అతనికి ఒక పిచ్చి పట్టుకుంది. గిటారు గొంతును గరగరలాడించే ఫజ్ పెట్టెలు ఇంట్లోనే తయారుచేయడం. తయారైతే చేశాడు గానీ, స్విచ్చు నొక్కగానే పలికిన పెట్టె ఒక్కటీ లేదు. ప్రతిదీ లైల్ దగ్గరికి వచ్చేది. ఒకసారి విసుగెత్తి లైలే అతుకు వేసి ఇచ్చేశాడు. డెల్మర్ దాన్ని కనీసం ముట్టుకోలేదు. అది నీ పెట్టె, నాది కాదు అన్నాడు. అప్పట్నుంచీ వాళ్లిద్దరి మధ్యా ఒకటే కట్టుబాటు. తప్పు ఎక్కడుందో లైల్ చూపించాలి. టంకం మాత్రం డెల్మరే వెయ్యాలి.

సాక్సు ఊడి చేతిలోకి వచ్చేసరికి జేబులో ఫోను మోగింది. డెల్మర్ భార్య అర్లీన్.

"సాయంత్రం దాకా ఆగకు లైల్. నర్సు రేపటి మాట ఎత్తడం లేదు. ఆ పెట్టె పలకడం వినాలని పట్టుబట్టి కూచున్నాడు."

డెల్మర్ ఊపిరితిత్తులు చెడి ఏడాదయింది. ముందుగదిలోకే మంచం తెచ్చి వేశారు. దాని మీదే పడుకుని, అర్లీన్ బోర్డు పట్టుకుంటే, వారాల తరబడి ఇంకో పెట్టె అతికాడు. ఇక ఇదే ఆఖరిదని ముగ్గురికీ తెలుసు, ఆ మాట ఎవరూ పైకి అనలేదు.

లైల్ తన గిటారు, చిన్న ఆంప్లిఫయరు, ప్రోబ్ పట్టుకుని వచ్చాడు. ప్రోబ్ అంటే పెద్ద యంత్రమేం కాదు, ఒక వైరు. దాని ఒక కొస ఆంప్లిఫయరులోకి పోతుంది. రెండో కొసన చిన్న కెపాసిటరు, దాని కాలు సూదిలా పొడుచుకొచ్చి ఉంటుంది. పెట్టెలోకి గిటారు మోత పంపిస్తూ ఆ సూదిని ఒక్కో అతుకు మీదా ఆనించుకుంటూ పోవాలి. మోత వినబడినంత మేరా దారి బాగున్నట్టు. ఎక్కడ ఆగిపోతే తప్పు అక్కడ.

పెట్టెను బోర్లించి మంచం పక్క బల్ల మీద పెట్టి, అడుగు రేకు విప్పగానే లైల్‌కి ఒళ్లు మండిపోయింది.

"ఒరే డెల్, ఇది టంకమా, పిట్ట రెట్టా?"

"రెట్టయితే అతుక్కునుండేది," అన్నాడు డెల్మర్. ముక్కుకి గొట్టాలు, మొహం దిండు గలీబుతో కలిసిపోయింది. కళ్లు మాత్రం సూది మీదే ఉన్నాయి.

గిటారు అర్లీన్ ఒళ్లో పెట్టి, తీగలు ఊరికే అలా మీటుతూ ఉండమన్నాడు. సూది మొదటి అతుకు మీద ఆనించాడు. ఏమీ లేదు. రెండోదాని మీద, మొదటి ట్రాన్సిస్టరు మీద, రెండో ట్రాన్సిస్టరు మీద పెట్టి చూశాడు. ఆంప్లిఫయరు బుస్సుమంటోంది తప్ప మోత లేదు. బ్యాటరీ మార్చాడు. వైర్లు లాగి చూశాడు. ఏ మనిషైనా కాఫీ తాగుతూ అతుకులు వేస్తాడా, కళ్లజోడు పెట్టుకోమని ఎన్నిసార్లు మొత్తుకున్నాను, ఈ ఎర్ర వైరు ఇక్కడెందుకు చచ్చింది అంటూ ఒకటే సణుగుడు. మీటి మీటి అర్లీన్ బొటనవేలు కందిపోయింది. డెల్మర్ ఊపిరికీ ఊపిరికీ మధ్య ఎడం పెరుగుతోంది. లైల్ ఆ సంగతి గమనించినకొద్దీ ఇంకా గట్టిగా తిట్టాడు.

"లైలూ," అన్నాడు డెల్మర్ మెల్లగా. "గిటారు ఎందులో గుచ్చావో చూడు."

చూశాడు. పెట్టె బోర్లించినప్పుడు లోపలికి పోయే రంధ్రం అటు, బయటికొచ్చే రంధ్రం ఇటు అవుతాయి. గిటారు వైరు బయటికొచ్చే రంధ్రంలో ఉంది. ఇన్నేళ్లలో డెల్మర్ ఈ పని చేసినప్పుడల్లా లైల్ ఎన్నెన్ని మాటలన్నాడో అర్లీన్ అన్నీ వింది. ఆమె మొహం పక్కకి తిప్పుకుంది. డెల్మర్ నవ్వాడు. నవ్వు దగ్గయింది, దగ్గు తగ్గడానికి చాలాసేపు పట్టింది.

"ఇదే నేను చేసుంటే పిట్టకన్నా తీసికట్టు అనేవాడివిగా," అన్నాడు.

లైల్ వైరు మార్చి గుచ్చాడు. ఈసారి మొదటి అతుకు దగ్గరే గిటారు పలికింది. మొదటి ట్రాన్సిస్టరు దాటాక బొంగురుపోయింది. రెండోది దాటాక గది కిటికీ అద్దాలు జివ్వుమన్నాయి. రాళ్లు నిండిన రేకు డబ్బాను దొర్లించినట్టు, అయినా తియ్యగా, ఒక మోత. వాల్యూము దగ్గర సూది పెట్టగానే టక్కున ఆగింది. దొరికింది. వాల్యూము కాలికి వైరు పైపైన ఆని ఉంది, అతుక్కోలేదు. తక్కినదంతా, దీని తల్లి కడుపు చల్లగా, డెల్మర్ సరిగ్గానే చేశాడు.

లైల్ టంకం కడ్డీ వేడిచేసి అతని వైపు పిడి చాపాడు. "వెయ్యి. ఒక్క చుక్క. నేను నీ మణికట్టు పట్టుకుంటాలే."

డెల్మర్ తల అడ్డంగా ఊపాడు. "ముందు విననీ. ఇందాక పెట్టిన చోట పెట్టు."

"అది సగంలోంచి లాగిన మోతరా. పెట్టె పలికినట్టు కాదు."

"పెట్టరా బాబూ. కదపకు."

లైల్ బల్ల మీదికి వంగి సూది ఆనించాడు. వెంట్రుకవాసి జరిగితే మోత పోతుంది. అర్లీన్ మీటింది. లైల్‌కి నడుము పీకేస్తోంది, మెడ పట్టేస్తోంది. ఈ మనిషి ఎప్పుడూ ఇంతే, అనుకున్నప్పుడే అన్నీ జరగాలి, అవతలివాడి నడుము ఏమైపోయినా సరే అనుకుంటూ లైల్ చెయ్యి మాత్రం కదపలేదు. డెల్మర్ కళ్లు మూసుకున్నాడు. దుప్పటి మీద అతని ఎడమచేతి వేళ్లు ఏదో స్వరం పట్టుకున్నట్టు ఒకసారి ముడుచుకున్నాయి. తర్వాత విప్పుకున్నాయి.

ఎంతసేపటికో అర్లీన్ మీటడం మానేసింది.

"ఇంకా మీటు," అన్నాడు లైల్ తల ఎత్తకుండా.

"లైల్," అంది ఆమె.

ఆఖరి తీగ మోత సన్నబడి సన్నబడి పోయేదాకా అతను సూది తియ్యలేదు.

బల్ల మీద టంకం కడ్డీ ఇంకా పొగలు కక్కుతోంది. ఒక్క చుక్క చాలు, నువ్వు వేసెయ్యరాదూ అని అర్లీన్ అడిగింది. అది వాడి పెట్టె అన్నాడు లైల్. కడ్డీ ప్లగ్గు పీకేశాడు.

ఆమె డెల్మర్ కుడి పిడికిలి వేళ్లు ఒక్కొక్కటే విప్పింది. లోపల వాల్యూము తిప్పడానికి తొడిగే నల్లటి గుండీ ఉంది. పెట్టె పలికాకే తొడుగుదామని దాచుకున్నట్టున్నాడు. అర్లీన్ దాన్ని తీసి, ముట్టని ఆపిల్ గుజ్జు గిన్నె పక్కన ట్రేలో పెట్టింది. గుండీ మీది తెల్లగీత కిటికీ వైపు తిరిగి ఉంది.